కొత్త పిల్లలను పాత కోళ్లలో కలపడం: దెబ్బ కన్నా ఆకలే ఎక్కువ చంపుతుంది



పెరటి కోళ్ల గురించి ఫోన్ చేసేవాళ్లలో చాలామంది చెప్పే కథ ఒకేలా ఉంటుంది. "అన్నా, నెల పిల్లలు ఇరవై తెచ్చి పాత కోళ్లలో వదిలాను. మొదటి రెండు రోజులు కొంచెం పొడుచుకున్నాయి, తర్వాత సర్దుకున్నాయి. వారం తిరిగేసరికి ఒక్కొక్కటే ముడుచుకుని కూర్చుని పోతున్నాయి. ఒంటి మీద దెబ్బ కూడా లేదు. ఏం జబ్బంటావ్?"

జబ్బు అయ్యుండొచ్చు. కానీ చాలాసార్లు అది జబ్బు కాదు, ఆకలి. దాణా గిన్నె నిండుగానే ఉంటుంది, నీళ్ల తొట్టి కూడా నిండుగానే ఉంటుంది. పిల్ల మాత్రం దాని దగ్గరికి పోలేదు. పోయినప్పుడల్లా ఒక పాత పెట్ట మెడ చాచి ఒక్క పోటు వేస్తుంది. నాలుగైదుసార్లు అయ్యాక పిల్ల ఆ వైపు పోవడమే మానేస్తుంది. మనం దూరం నుంచి చూసి "హమ్మయ్య, కొట్టుకోవడం ఆగింది, కలిసిపోయాయి" అనుకుంటాం. కలవలేదు. పిల్లలు భయపడి తప్పుకున్నాయి, అంతే.

ఈ వ్యాసం మొత్తంలో గుర్తు పెట్టుకోవాల్సింది ఈ ఒక్కటే. కొత్త పిల్లలను చంపేది ఎక్కువగా ముక్కు పోటు కాదు, ఆ పోటుకు భయపడి తినకపోవడం. ఇది అర్థమైతే ఏ గిన్నె ఎక్కడ పెట్టాలి, ఎన్ని పెట్టాలి, ఎప్పుడు కలపాలి అన్నీ మీకే తెలుస్తాయి. గది కట్టిన తీరు, గిన్నెలు పెట్టిన తీరు వీడియోలో చూపించాం. ఎందుకు అలా పెట్టాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

గుంపులో వరస ఉంటుంది

కోళ్లు గుంపుగా బతికే పక్షులు. ప్రతి గుంపులో ఎవరు ముందు, ఎవరు వెనక అనే వరస ఉంటుంది. పై మెట్టు మీద ఉన్న పెట్ట ముందు తింటుంది, మంచి చోట పడుకుంటుంది, అవసరమైతే కింది దాన్ని పొడుస్తుంది. కిందిది తిరిగి పొడవదు, పక్కకి తప్పుకుంటుంది. నార్వే శాస్త్రవేత్త థోర్లీఫ్ షెల్డెరుప్ ఎబ్బే 1921లోనే దీని గురించి రాశారు. మన ఊళ్లలో ఆడవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏ పెట్ట పెద్దరికం చేస్తుందో, ఏది భయస్తురాలో పేరు పెట్టి చెప్తారు.

వరస కుదిరిన గుంపులో గొడవలు తక్కువ. ఎవరి చోటు ఎవరిదో అన్నిటికీ తెలుసు కాబట్టి రోజూ కొట్టుకోవాల్సిన పని లేదు. కొత్త పక్షి రాగానే ఆ వరస చెదురుతుంది. ప్రతి పాత పెట్టా కొత్తదానికి తన చోటేంటో చూపించాలి. కాబట్టి కొంత పొడవడం ఉండే తీరుతుంది. దాన్ని పూర్తిగా ఆపలేం, ఆపాల్సిన పని కూడా లేదు. మన పని ఏమిటంటే, ఆ నాలుగు రోజులూ పిల్ల తినగలిగేలా, పారిపోగలిగేలా చోటు చూడటం.

తల్లి కింద పిల్లలకు ఈ బాధ లేదు

మన పెరట్లో పెట్ట పొదిగి తీసిన పిల్లలను ఎవరూ "కలపరు". అవి పుట్టిన నాలుగో రోజు నుంచే అందరి మధ్య తిరుగుతాయి. కారణం తల్లి. పిల్లల కోడి దగ్గరికి పుంజు కూడా వెనకాముందు చూసి వస్తుంది. దాదాపు రెండు నెలలు తల్లి అడ్డం ఉంటుంది. ఆ లోపల పిల్లలకు ఎవరిని చూసి తప్పుకోవాలో, ఎక్కడ దాక్కోవాలో, ఏ పురుగు తినాలో అన్నీ తెలిసిపోతాయి.

సమస్య కొనుక్కొచ్చిన పిల్లలతోనే. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం అభివృద్ధి చేసిన వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలు, రాజశ్రీ, అసీల్, కడక్‌నాథ్ ఏవైనా సరే, మనకు చేరేసరికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల వయసు ఉంటుంది. బల్బు కింద, వరిపొట్టు మీద పెరిగినవి. పెద్ద కోడిని ఎప్పుడూ చూసి ఉండవు. తల్లి లేదు, తప్పుకోవడం తెలియదు. అలాంటి వాటిని తీసుకొచ్చి పెరట్లో వదిలితే కొత్త ఊళ్లో చిన్నపిల్లల్ని బస్సు దింపి వెళ్లిపోయినట్టే.

మీకు పొదుగుడు పెట్ట ఉంటే ఒక సులువైన దారి ఉంది. ఒకటి రెండు రోజుల పిల్లలను తెప్పించుకుని, కనీసం రెండు వారాలుగా గుడ్ల మీద కూర్చున్న పెట్ట కిందకి రాత్రి చీకట్లో ఒక్కొక్కటే తోసి, గుడ్లు తీసేయాలి. తెల్లారేసరికి అవి తన పిల్లలే అనుకుంటుంది. తెల్లవారుజామునే లేచి ఒకసారి చూసుకోవాలి. ఏ పెట్టయినా ఒప్పుకోకుండా పొడుస్తుంటే పిల్లలను వెంటనే తీసేసి బల్బు కింద పెట్టాలి. పిల్లలు మూడు రోజులు దాటితే ఈ పద్ధతి పనిచేయడం కష్టం. అప్పటికి పిల్ల తల్లిని నమ్మదు, తల్లి పిల్లను ఒప్పుకోదు. ఒక నాటు పెట్ట కింద పది పన్నెండు పిల్లలకు మించి పెట్టొద్దు. రెక్కల కింద పట్టనివి చలికి పోతాయి.

పొదుగుడు పెట్ట లేనివాళ్లు, నెల పిల్లలు తెచ్చుకునేవాళ్లు కింది ఐదు మెట్లూ వరసగా పాటించండి.

మొదటి మెట్టు: ముందు దూరం పెట్టాలి

కొత్త పిల్లలను తెచ్చిన రోజే పాత కోళ్లకు చూపించకూడదు. కనీసం రెండు వారాలు, వీలైతే నెల రోజులు వేరే చోట ఉంచాలి. పెరటికి ఈ మూల పాతవి ఉంటే ఆ మూల కొత్తవి. గాలి కొత్తవాటి వైపు నుంచి పాతవాటి వైపు వీచకుండా చూసుకోండి.

పని వరస కూడా ముఖ్యం. ముందు పాత కోళ్లకు దాణా, నీళ్లు పెట్టి, చివరగా కొత్తవాటి దగ్గరికి పోవాలి. అక్కడికి వేరే చెప్పులు, వేరే గిన్నెలు, వేరే చీపురు. తిరిగి వచ్చాక కాళ్లు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. "ఇరవై పిల్లలకి ఇంత హడావుడా" అంటారు. కొక్కెర తెగులు ఒక్కసారి పెరట్లోకి వస్తే ఇరవై పిల్లలతో ఆగదు, ఊరంతా ఊడ్చుకుపోతుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు ఏమైందో అందరం చూశాం. అలాంటి వార్తలు ఉన్న రోజుల్లో అసలు పిల్లలు కొనొద్దు. సంతలో బుట్టలో నాలుగు రకాల కోళ్లతో కలిసి కూర్చున్న పిల్లను ఏ రోజుల్లోనూ కొనకపోవడమే మంచిది.

ఈ రెండు వారాల్లో చూడాల్సినవి ఇవి:

- తుమ్ములు, ముక్కు కారడం, నోరు తెరిచి గాలి పీల్చడం.
- రెట్టలో రక్తపు చారలు. ఇది కాక్సిడియోసిస్ కావచ్చు. మూడు నుంచి ఆరు వారాల పిల్లల్లో ఎక్కువ.
- తురాయి మీద, కళ్ల చుట్టూ పొక్కులు. ఇది కోళ్ల మశూచి.
- రెక్కల కింద, తోక కింద ఈకల మొదట్లో పేలు.
- రెట్ట అంటుకుపోయిన తోక, వేలాడే రెక్కలు, నడకలో తేడా.

వీటిలో ఏది కనిపించినా పశువైద్యుడికి చూపించండి. కలిపే మాట అప్పటిదాకా వాయిదా.

టీకాల లెక్క కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. కొనేటప్పుడే ఏ టీకాలు ఏ తేదీన వేశారో అడిగి కాగితం మీద రాయించుకోండి. మారెక్స్ టీకా హేచరీలో మొదటి రోజే పడాలి. కొక్కెరకు లసోటా మొదటి వారంలో, గంబోరో రెండో వారంలో, మళ్లీ లసోటా నాలుగో వారం లోపల పడతాయి. మశూచి టీకా ఆరేడు వారాలప్పుడు, కొక్కెరకు ఆర్‌టూబీ ఇంజెక్షన్ ఎనిమిది నుంచి పది వారాల మధ్య. మీ పశువుల ఆసుపత్రిలో చెప్పే తేదీలు కొంచెం అటూ ఇటూగా ఉండొచ్చు, వాళ్ల ప్రకారమే వేయించండి. టీకా వేసిన వారం లోపల కొత్తవాటిని పాతవాటితో కలపొద్దు. టీకా ఒత్తిడి, కొత్త చోటు ఒత్తిడి రెండూ ఒకేసారి పిల్ల మీద పెట్టకూడదు.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. ప్రమాదం కొత్తవాటి నుంచి పాతవాటికే కాదు, పాతవాటి నుంచి కొత్తవాటికి కూడా ఉంది. పాత పెట్టల పేగుల్లో నులిపురుగులు, కాక్సిడియా కొద్దికొద్దిగా ఉంటూనే ఉంటాయి. వాటికి అలవాటు పడిపోయి పైకి ఆరోగ్యంగా కనిపిస్తాయి. వరిపొట్టు మీద పెరిగిన పిల్లకు ఆ అలవాటు లేదు. ఒక్కసారిగా ఆ నేల మీద వదిలితే మొత్తం భారం దాని మీద పడుతుంది. అందుకని కలపడానికి పది రోజుల ముందు పాతవాటికి నులిపురుగుల మందు పట్టించండి. పడుకునే షెడ్డులో పాత పొట్టు తీసేసి, నేల ఎండబెట్టి, సున్నం చల్లి కొత్త పొట్టు వేయండి. నేల పొడిగా ఉంటే సగం జబ్బులు రావు.

రెండో మెట్టు: వయసు కాదు, బరువు చూడండి

"ఎన్ని వారాలకు కలపొచ్చు?" అని అడుగుతారు. వనరాజా పిల్ల పది వారాలకు ఉండే బరువు, నాటు పిల్ల పది వారాలకు ఉండే బరువు ఒకటి కాదు. వారాల లెక్క ఒక రకానికి సరిపోతే ఇంకో రకానికి సరిపోదు. అందుకని తక్కెడ నమ్ముకోండి.

పాత పెట్ట బరువులో మూడింట రెండు వంతులు పిల్ల బరువు ఉండాలి. మన నాటు పెట్ట సాధారణంగా కిలోంబావు నుంచి కిలోన్నర తూగుతుంది. అంటే పిల్ల 800 గ్రాములు దాటి కిలో దగ్గరికి రావాలి. మెరుగైన రకాలకి ఇది పది పన్నెండు వారాల్లో వస్తుంది, ముందే రావొచ్చు కూడా. అచ్చమైన నాటు పిల్లలకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. పడనివ్వండి.

ఇంకా రెండు లెక్కలు. ఒంటరి పిల్లను ఎప్పుడూ కలపొద్దు. కనీసం నాలుగైదు కలిసి ఉండాలి. పోట్లు పంచుకుంటాయి, ఒకదాన్ని చూసి ఒకటి ధైర్యం తెచ్చుకుంటాయి. అలాగే కొత్త గుంపులో బాగా చిన్నగా, బలహీనంగా ఉన్నవి రెండు మూడు ఉంటే వాటిని ఆపి, మిగతావి కలవనిచ్చి, తర్వాత వచ్చే విడతతో పంపండి. ఇరవైలో పదిహేడు సిద్ధంగా ఉన్నాయని ఆ మూడింటినీ తోసేయొద్దు. ముందు పోయేవి అవే.

మూడో మెట్టు: జాలి అవతల పరిచయం

దూరం పెట్టిన కాలం అయిపోయాక, పిల్లల బరువు చూసుకుని, పాతవాటి దొడ్డిలోనే ఒక మూల జాలి కట్టి పిల్లలను అందులోకి మార్చాలి. పది రోజుల నుంచి రెండు వారాలు. ఒకదాన్నొకటి చూసుకోవాలి, వినాలి, కానీ తాకకూడదు.

జాలి అరంగుళం కన్నుది తీసుకోండి. పెద్ద కన్ను జాలి అయితే పాత పెట్ట తల దూర్చి పొడుస్తుంది, పైగా ముంగిస, పాము, ఎలుక దూరతాయి. జాలి కింది అంచు నేలలో అర అడుగు పాతండి. పైన కూడా జాలి గానీ వల గానీ ఉండాలి. పిల్లి, గద్ద పైనుంచే వస్తాయి. ఇరవై పిల్లలకు రాత్రి పడుకునే చోటు నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు చాలు. పగలు తిరగడానికి మాత్రం దీనికి నాలుగైదు రెట్లు చోటు ఇస్తే బాగుంటుంది.

ఇక్కడ ఒక చిన్న కిటుకు. జాలికి ఇటు ఒక దాణా గిన్నె, అటు ఒక దాణా గిన్నె, రెండూ జాలికి ఆనించి పెట్టండి. రెండు గుంపులూ ఎదురెదురుగా తింటాయి. మొదటి రెండు రోజులు పాతవి జాలిని పొడుస్తాయి, పిల్లలు వెనక్కి పోతాయి. అందుకని పిల్లల వైపు వెనక మూలలో ఇంకో గిన్నె కూడా ఉంచాలి, ఆకలితో ఉండకుండా. నాలుగో రోజుకు పాతవి జాలిని పట్టించుకోవడం మానేస్తాయి. పిల్లలు జాలి పక్కనే నిశ్చింతగా తినడం మొదలుపెట్టాయంటే మీ పని సగం అయినట్టే. అలా తినడం లేదంటే పద్నాలుగు రోజులు అయినా తలుపు తీయొద్దు. క్యాలెండర్ చూసి కాదు, పిల్ల తినే తీరు చూసి తలుపు తీయాలి.

ఈ రెండు వారాల్లోనే పిల్లలు ఆ నేల మీది రెట్టకు, సూక్ష్మజీవులకు కొద్దికొద్దిగా అలవాటు పడతాయి. కాక్సిడియాకు తట్టుకునే శక్తి ఇలా కొంచెం కొంచెంగా తగిలితేనే వస్తుంది. నేల తడిగా ఉంటే మాత్రం కొంచెంతో ఆగదు. నీళ్ల గిన్నె చుట్టూ బురద కాకుండా కింద ఇటుకలు, ఇసుక వేయండి.

నాలుగో మెట్టు: కలిపే రోజు

ముందు రోజే ఏర్పాట్లన్నీ చేసుకోవాలి.

గిన్నెలు: ఇప్పటిదాకా రెండు దాణా గిన్నెలు, ఒక నీళ్ల తొట్టి ఉంటే ఇప్పుడు నాలుగు గిన్నెలు, మూడు తొట్లు పెట్టండి. ఒక గిన్నె దగ్గర నిలబడ్డ పెట్టకు ఇంకో గిన్నె కనిపించకూడదు. చెట్టు వెనక ఒకటి, షెడ్డు పక్కన ఒకటి, గడ్డివామి అవతల ఒకటి. పెద్దరికం చేసే పెట్ట ఒక గిన్నెకే కాపలా కాయగలదు, నాలుగింటికి కాయలేదు. మొత్తం మీద ఒక్కో పిల్లకు గిన్నె అంచు మూడు అంగుళాలైనా దొరకాలి.

గంప: మన పెద్దవాళ్లు వాడిన పద్ధతే. కోడి గంపను నాలుగు ఇటుకల మీద ఎత్తి, కింద పిల్లలు మాత్రమే దూరేంత సందు వదిలి, లోపల దాణా, నీళ్లు పెట్టండి. పెద్ద పెట్టలు దూరలేవు, పిల్లలు హాయిగా తింటాయి. గంప చిన్నదైతే రెండు పెట్టండి. పిల్లలు బాగా ఎదిగి ఉంటే జాలి గది తలుపునే అలా మార్చుకోవచ్చు. పిల్ల పట్టేంత, పెట్ట పట్టనంత కంత ఒకటి పెట్టి, గదిని అలాగే ఉంచితే అది వాటికి పుట్టిల్లులా ఉంటుంది. పిల్లలను ఆకలి నుంచి కాపాడేది ఇదే. మిగతావి ఏవి చేయలేకపోయినా ఇది మాత్రం చేయండి.

దాక్కునే చోట్లు: గోడకు వాలుగా పెట్టిన చెక్కలు, తాటాకులు, కంపకుప్ప, పాత బండి చక్రం, ఏదైనా సరే. రెండు వైపులా దారి ఉండాలి. ఒకే దారి ఉన్న మూలలో పిల్ల దూరితే ఇరుక్కుపోతుంది, పెట్ట అక్కడే నిలబడి పొడుస్తుంది. దొడ్డి మూలల్లో అడ్డంగా ఒక చెక్క వాల్చినా చాలు, ఆ ఇరుకు పోతుంది.

పని కల్పించడం: తోటకూర, మునగాకు, అవిశాకు కట్టలు కట్టి పాత కోళ్ల తల ఎత్తుకి వేలాడదీయండి. కుళ్లిన గడ్డి, పేడ కుప్ప ఒకటి తిరగేస్తే పురుగుల కోసం గంటల తరబడి గీకుతాయి. పని ఉన్న కోడి పక్కదాన్ని పొడవదు. నూకలు, జొన్నలు గిన్నెలో కాకుండా దొడ్డంతా చల్లండి.

కలిపే పద్ధతులు రెండు. మొదటిది, సాయంత్రం చీకటి పడి పాత కోళ్లు కర్రల మీద సర్దుకున్నాక, పిల్లలను తెచ్చి వాటి పక్కన కూర్చోబెట్టడం. చీకట్లో కోడికి సరిగా కనిపించదు, గొడవ పడదు. పొద్దున్నే అన్నీ కలిసి లేస్తాయి. కానీ ఇందులో ఒక షరతు ఉంది. తెల్లవారకముందే మీరు అక్కడ ఉండి తలుపు తీయాలి. మూసిన షెడ్డులో వెలుతురు రాగానే పాతవి మొదలుపెడితే పిల్లలకు పారిపోయే చోటు ఉండదు.

రెండోది నాకు ఇష్టమైనది. సాయంత్రం నాలుగు గంటలకు, పడుకోవడానికి రెండు గంటల ముందు, జాలి తలుపు తీసి పాతవాటిని మేతకు పంపిన చోట పిల్లలను కలవనివ్వడం. రెండు గంటలు చూసి, చీకటి పడగానే పిల్లలను మళ్లీ వాటి గదిలోనే పడుకోబెట్టడం. మరుసటి రోజు మూడు గంటలు, తర్వాత సగం రోజు. నాలుగైదు రోజులకు పగలంతా కలిసి తిరుగుతాయి. రాత్రి కలిసి పడుకోవడం చివరికి. మామిడి తోట, కొబ్బరి తోట ఉన్నవాళ్లకు ఇది ఇంకా సులువు. రెండు గుంపులనూ తోటలోనే కలవనివ్వండి. షెడ్డు పాతవాటి సొంత ఇల్లు, తోట అందరిదీ. విశాలమైన చోటుకి మించిన మందు లేదు.

ఐదో మెట్టు: సాయంత్రం మేత సంచి తడమాలి

కలిపిన మొదటి పది రోజులు రోజూ చీకటి పడ్డాక టార్చి తీసుకుని షెడ్డుకి పొండి. ఒక్కో పిల్లను మెల్లగా పట్టుకుని మెడ కింద, రొమ్ముకి కుడి వైపున ఉండే మేత సంచి తడిమి చూడండి. నిండుగా, నిమ్మకాయంత గట్టిగా తగిలితే ఆ రోజు తిన్నట్టు. ఖాళీగా, చర్మం జారుతూ ఉంటే తినలేదన్నట్టు. అలాంటి పిల్లను వెంటనే విడదీసి, ఆ రాత్రి గదిలో దీపం పెట్టి మెత్తటి దాణా, బెల్లం నీళ్లు పెట్టండి. పొద్దున్న మళ్లీ జాలి వెనక నాలుగు రోజులు ఉంచి, తర్వాత కలపండి.

వరసగా ఇరవై పిల్లలను తడమడానికి పది నిమిషాలు పట్టదు. పగలంతా కూర్చుని ఎవరు ఎవరిని పొడిచారో చూడటం కన్నా ఈ పది నిమిషాలు ఎక్కువ చెప్తాయి. వారానికొకసారి నాలుగైదు పిల్లలను గుర్తుగా కాలికి దారం కట్టి తూకం వేయండి. బరువు పెరుగుతుంటే పోట్లు పడ్డా ఫరవాలేదు. పెరగడం ఆగితే గొడవ కనిపించకపోయినా ఏదో తేడా ఉన్నట్టే. కట్టిన దారం పిల్ల ఎదిగేకొద్దీ బిగుస్తుంది, వారం వారం వదులు చేయడం మర్చిపోవద్దు.

ఎప్పుడు అడ్డం పడాలి?

ఒక పోటు వేసి వదిలేస్తే, రెండడుగులు తరిమి ఆగిపోతే, మెడ ఈకలు లేపి ఎదురెదురు నిలబడితే మీరు జోక్యం చేసుకోవద్దు. వరస కుదురుతోంది. మాటిమాటికి మనం దూరి విడదీస్తే ఆ లెక్క ఎప్పటికీ తేలదు.

రక్తం కనిపిస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగొద్దు. కోళ్లు ఎర్రటి చుక్కను చూస్తే దాన్నే పొడుస్తాయి, ఒకటి మొదలుపెడితే పది చేరతాయి. దెబ్బ తగిలిన పిల్లను తీసి, గోరువెచ్చని ఉప్పు నీళ్లతో కడిగి, పసుపు, వేపనూనె కలిపి రాయండి. ఎరుపు కనపడకుండా కప్పడం కూడా ముఖ్యమే. మానేదాకా వేరుగా ఉంచండి. ఈగలు వాలి పురుగు పట్టకుండా రోజూ చూసుకోండి.

ఒకే పెట్ట పనిగట్టుకుని వెంటపడి కొడుతుంటే, దెబ్బ తినే పిల్లను కాదు, ఆ పెట్టను తీయండి. మూడు నాలుగు రోజులు మిగతావాటికి కనపడకుండా గంప కింద వేరే చోట ఉంచి తిరిగి వదలండి. అప్పటికి గుంపులో వరస మారిపోయి ఉంటుంది, తిరిగొచ్చిన పెట్ట తన చోటు తాను వెతుక్కోవాలి. పిల్లల జోలికి పోయే తీరిక దానికి ఉండదు.

పొడుచుకుంటున్నాయని ముక్కులు కత్తిరించే ఆలోచన పెరటి కోళ్ల విషయంలో పెట్టుకోకండి. గీకి, ఏరి, చెదలు, పురుగులు తిని బతికే కోడికి ఆ ముక్కే పనిముట్టు.

పుంజుల సంగతి

మంచి పాత పుంజు ఒకటి ఉంటే గుంపు నెమ్మదిగా ఉంటుంది. పెట్టల మధ్య గొడవల్లో అడ్డం పడుతుంది కూడా. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. కొత్త పిల్లల్లో పుంజు పిల్లలు కూత నేర్చేసరికి పాత పుంజు వాటిని ఓర్చుకోదు. అప్పటికే వాటిని అమ్మకానికో, వేరే దొడ్డికో తీసేయాలి. అసీల్ జాతి పుంజుల్లో ఇది ఇంకా గట్టిగా ఉంటుంది. అవి ఓడినా వెనక్కి తగ్గవు, చచ్చేదాకా కొట్టుకుంటాయి. బయటి నుంచి తెచ్చిన పెద్ద పుంజును పాత పుంజు ఉన్న దొడ్డిలో ఎప్పుడూ వదలొద్దు.

అందరికీ ఒకే దాణా పెట్టొచ్చా?

ఇది పెద్ద చిక్కు. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం దాకా ఉంటుంది. ఎదిగే పిల్లలకు ఒక శాతం చుట్టుపక్కల చాలు. నెలల తరబడి ఎక్కువ కాల్షియం తింటే పిల్లల మూత్రపిండాలు దెబ్బతింటాయి. కలిపిన తర్వాత ఎవరి గిన్నె ఎవరిదని కాపలా కాయలేం కదా.

దీనికి దారి సులువే. అందరికీ ఎదిగే కోళ్ల దాణానే పెట్టండి. ఇంట్లో కలుపుకునేవాళ్లు మొక్కజొన్న లేదా జొన్న, నూకలు, తవుడు, నువ్వుల చెక్క లాంటివి కలుపుకోవచ్చు. కలిపే పాళ్లు మీ రకాన్ని బట్టి పశువైద్యుడిని అడిగి ఖాయం చేసుకోండి. ఆల్చిప్పల పలుకులు గానీ సున్నపురాయి పలుకులు గానీ వేరే గిన్నెలో పెట్టండి. గుడ్డు పెట్టే పెట్ట తనకు కావాల్సినంత తానే ఏరుకుంటుంది. పిల్లలు పెద్దగా ముట్టుకోవు. కొత్త పిల్లలు కూడా గుడ్డుకొచ్చే దాకా ఇలాగే నడపొచ్చు.

కలిపిన మొదటి వారంలో పాత పెట్టలు కొన్ని గుడ్లు తగ్గిస్తాయి. కంగారు పడొద్దు. వరస కుదిరాక మళ్లీ పెడతాయి.

ఏ నెలల్లో కలిపితే మంచిది?

ఏప్రిల్, మే ఎండల్లో వద్దు. ఎండ దెబ్బకే కోళ్లు రొప్పుతుంటాయి, నీళ్ల దగ్గర కొట్లాటలు ఎక్కువ, కొక్కెర భయం కూడా ఆ రోజుల్లోనే ఎక్కువ. ముసురు పట్టిన వానాకాలంలో నేల తడి వల్ల కాక్సిడియోసిస్ వస్తుంది. వానలు తగ్గాక, అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా కలపడానికి అనువైన కాలం. దానికి తగ్గట్టు ఆగస్టు, సెప్టెంబరులో పిల్లలను తెచ్చుకుంటే లెక్క సరిపోతుంది. చలికాలంలో రాత్రిళ్లు షెడ్డుకి గోనెపట్టా దించడం, మశూచి టీకా ముందే వేయించడం చేయండి.

మొత్తం ఒక్క చూపులో

- తెచ్చిన రోజు నుంచి రెండు నుంచి నాలుగు వారాలు: దూరంగా. జబ్బులు, పేలు, టీకాలు చూసుకోవాలి.
- పాత పెట్టలో మూడింట రెండు వంతుల బరువు వచ్చేదాకా: పిల్లలు వేరుగానే పెరగాలి.
- చివరి పది నుంచి పద్నాలుగు రోజులు: పాత దొడ్డిలోనే, జాలి అవతల.
- కలిపే నాలుగైదు రోజులు: సాయంత్రం రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. నాలుగు గిన్నెలు, మూడు తొట్లు, ఎత్తిన గంప, దాక్కునే చోట్లు.
- తర్వాత పది రోజులు: రోజూ రాత్రి మేత సంచి తడమాలి.

లెక్కేస్తే తెచ్చిన దగ్గర నుంచి పూర్తిగా కలిసేదాకా రెండు నెలలు పడుతుంది. "ఇంత కాలమా" అని విసుగు రావొచ్చు. పెరటి కోళ్ల డబ్బు చాలా ఇళ్లల్లో ఆడవాళ్ల చేతి డబ్బు. పిల్లల పుస్తకాలకి, పండగ ఖర్చుకి, ఇంటికొచ్చిన చుట్టానికి ఆ కోళ్లే. ఇరవై పిల్లలు తెచ్చి పది పోగొట్టుకుంటే ఆ నష్టం వాళ్ల మీదే పడుతుంది. ఒక జాలి, ఒక గంప, రెండు పాత గిన్నెలు, రాత్రి పది నిమిషాలు. ఇంతకు మించి ఖర్చేమీ లేదు.

వీడియోలో జాలి గది కట్టిన తీరు, గంప ఎత్తిన తీరు, మేత సంచి ఎలా తడమాలో దగ్గర నుంచి చూపించాం. పిల్లలు తేవడానికి ముందే ఒకసారి చూసి, మీ దొడ్డిలో గిన్నెలు ఎక్కడెక్కడ పెట్టొచ్చో నడిచి చూసుకోండి. పిల్లలు వచ్చాక ఆ పనికి తీరిక దొరకదు.